బల్లకు రాని పామిడామె

"ఎంతమంది వచ్చినారు?"

పామిడామె పోయిందని చెప్పిన మనిషిని నేను మొదట అడిగిన మాట అది. ఎవరైనా పోయారంటే ఎట్లా పోయారు, ఏం జబ్బు, ఆఖరున దగ్గర ఎవరున్నారు అని అడుగుతారు. నేనూ అడిగాను, కానీ తర్వాత. గుంతకల్లు సంతలో అలసందకాయలు అమ్ముకోవడానికి వచ్చిన మా పాత ఊరి ఆడమనిషి నా మొగం వంక ఒకసారి చూసి తక్కెడ కింద పెట్టింది.

"ఊరంతా వచ్చినారు అమ్మగారూ. మనోళ్ళే గాదు, పెద్దరైతు ఇంటోళ్ళు గూడా సమాధి దాంకా నడిచినారు. నేల గట్టిగుండాదని గుంత తవ్వేకి వాళ్ళ మనుషులను పంపినారు."

చేతిలోని సంచి కింద పెట్టాను. ఏడుపనుకునేరు, కాదు. నేను పోతే ఎంతమంది వస్తారా అని ఆలోచన వచ్చింది. పెద్దరైతు ఇంటివాళ్ళు మాత్రం రారు. ఉపదేశి భార్యగా ఎన్ని ఊళ్ళు తిరిగాను, ఎంతమంది పెళ్ళిళ్ళకు పాటలు పాడాను, నా కోసం ఎవరూ ఆ నేలలో గడ్డపార దించరు.

ఆమె పేరు ఇక్కడ రాయను. సంఘం పుస్తకంలో బాప్తిస్మం పేరు ఉంది, చక్కని పేరే. రాస్తే మళ్ళీ ఆమెకే పేరొస్తుంది. ఉన్నది చాలదా? పామిడి నుంచి వచ్చిన కోడలు గనక ఊరు ఆమెను పామిడామె అనింది. నేనూ అంతే అంటాను.

మా ఊరు గార్లదిన్నెకు అవతల. ఎర్రమట్టి, గులకరాళ్ళు, మధ్యలో ఎండిన వంక. వాన దారి తప్పితే తప్ప అటు వచ్చేది కాదు. ఊరి చివర మా బడి గది, వారమంతా బడి, ఆదివారం గుడి. మా ఆయన పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు, ఆదివారం మాకు వాక్యం చెప్పేవాడు. ఉపదేశి అనేవారు ఆయనను. పాస్టరు అయ్యగారు అనంతపురం నుంచి రెండు నెలలకొకసారి సైకిలు తొక్కుకుంటూ వచ్చి ప్రభు భోజన సంస్కారం ఇచ్చేవారు. రొట్టె, ద్రాక్షరసం పెట్టిన బల్ల ముందు మోకరించి తీసుకుంటాం గనక మేము దాన్ని 'బల్ల' అనేవాళ్ళం. ఈ ఆదివారం బల్ల ఉందంటే ఆ వారం ఊళ్ళో తగవులు తగ్గేవి. మనసులో పగ పెట్టుకుని బల్ల ముట్టకూడదని అందరికీ భయం. శనివారం సాయంత్రం పొయ్యిల దగ్గర "ఏమనుకోగాకు వదినా" అన్న మాటలు వినబడేవి. సోమవారానికి మళ్ళీ మామూలే అనుకోండి.

పామిడామె ఆ ఊరికి కోడలుగా వచ్చిన ఏడాది బావి అడుగంటింది. ఆమె పెనిమిటి రైలు పట్టాల పనికి పోయి నెలకొకసారి ఇంటికొచ్చేవాడు. ఆమె కూలికి పోయేది. పొడుగు మనిషి, ఎండుకట్టె, ముందు పళ్ళ మధ్య సందు. అందగత్తె అయితే నాకింత బాధ లేకపోను. పెన్న ఒడ్డున పుట్టింది కదా, ఇసుక చూసి నీళ్ళ జాడ చెప్పేది. వంకలో అరికాళ్ళతో తడుముతూ నడిచి ఒకచోట ఆగి, "ఈడ తవ్వండప్పా" అనేది. అక్కడ చెలమ తీస్తే నీళ్ళూరేవి. ఎప్పుడూనా అంటే ఎప్పుడూ కాదు. మూడుసార్లు తవ్వితే ఒకసారి ఒట్టి ఇసుకే. ఆ ఒకసారి ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు. నాకు గుర్తుంది.

గుడిలో ఆమె ఊకొట్టేది. అవ్వ కథ చెబుతుంటే మనవరాలు కొట్టినట్టు. మా ఆయన "రాజు సాయంకాలం మేడ మీద పచారు చేస్తున్నాడు" అంటే వెనక చాప మీది నుంచి "ఊ" అని వచ్చేది. "పక్కింట్లో ఒక స్త్రీ స్నానం చేయడం చూశాడు" అంటే "ఊ... ఆ పైన?" అని వచ్చేది. మొదటి ఆదివారం అందరూ నవ్వారు. నేను వెనక్కి తిరిగి గుడ్లురిమాను. నెల తిరిగేసరికి నవ్వడం మానేశారు. మా ఆయన ప్రసంగం ఆమె ఊకు తగ్గట్టు నడవసాగింది. అంతకు ముందు కాగితం చూసి చదివే మనిషి కాగితం మడిచి జేబులో పెట్టాడు. ఒక ఆదివారం ఆమెకు జ్వరమొచ్చి రాలేదు. ఆయన రెండు మాటలు చెప్పి, మూడోది వెతుక్కుని, ముందు వరసలో ఉన్న నన్ను దాటి చూసి, "పామిడామె రాలేదా?" అన్నాడు. చేతిలో ఉన్న పాటల పుస్తకం టప్పున మూశాను. మిగతా ప్రసంగంలో ఒక్క మాట కూడా నా చెవికెక్కలేదు.

ఆమె ఆయనకు ఊకొట్టడం ఒక బాధ. నాకు కొట్టకపోవడం ఇంకొక బాధ. ఆడవాళ్ళ కూటంలో ప్రార్థన నాదే. మిషను బడిలో చదువుకున్నదాన్ని, "సర్వోన్నతుడవును సర్వాధికారివియునైన తండ్రీ" అని ఎత్తుకుంటే ఊపిరి తీయకుండా నడిపించేదాన్ని. చాప మీది నుంచి చప్పుడు ఉండేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నీది నాకు అర్థం గాదక్కా, పెద్ద పెద్ద మాటలుండాయి" అనింది. "అర్థమైనట్టు ఊకొడితే అబద్ధమైతాది."

ఊళ్ళో అందరూ నన్ను అమ్మగారూ అనేవారు. ఈమె ఒక్కతే అక్కా అనేది.

ఇక సాక్ష్యాలు. బుధవారం కూటంలో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవాళ్ళు. మేమంతా "దేవుడు ఈ వారం నన్ను కాపాడినాడు" అని కూర్చునేవాళ్ళం. పామిడామె లేచి నిలబడి, "పెద్దరైతు ఇంట్లో విత్తనం చెనిక్కాయలు వొలిచేటప్పుడు గుప్పెడు గింజలు నోట్లో ఏసుకుంటి. ఆయమ్మ ఇటు తిరిగితే నోరు మూసుకుని నమలకుండా కూర్చుంటి. దొంగతనమే అది" అనింది. చెప్పి ఊరుకుందా? మరునాడు పోయి ఆ ఇంటావిడతోనూ చెప్పింది. ఊళ్ళో ఆ వేరుశనగ గింజలు తిననిదెవరు? విత్తనాల కాలంలో కూలికి పోయిన ప్రతి ఆడది తినేది. పెద్దరైతు భార్య ఏం చేసిందంటే, అప్పటి నుంచి కాయలు వొలవడానికి ఈమెనే పిలిచేది, గది తాళం కూడా ఈమె చేతికే ఇచ్చేది. నేను పుట్టినప్పటి నుంచి ఒక్క గింజ దొంగిలించలేదు. నాకెవరూ ఏ గది తాళమూ ఇవ్వలేదు.

మా అత్తకు పక్షవాతం వచ్చి మంచం పట్టింది. సంగటి మెత్తగా చేసి పెట్టేది నేను, గుడ్డలు ఉతికేది నేను. పొద్దు వాలేవేళకు ఆమె చూపు మాత్రం వాకిలి వైపు ఉండేది. పామిడామె కూలి నుంచి నేరుగా వచ్చి, కాళ్ళు కడుక్కుని, అత్త తల ఒడిలో పెట్టుకుని దువ్వేది.

"ఏమవ్వా, ఇంగా పోలేదా నువ్వు?" అనేది.

ఆ మాట నేనంటే మా అత్త ఇల్లు పీకి పందిరేసేది. ఆమె అంటే బోసినోటితో నవ్వేది. దువ్వడం అయినాక ప్రార్థన. కళ్ళు కూడా మూసేది కాదు.

"నాయనా, ఈ అవ్వ ఈడనే ఉండాది సూడు. పిలిచేదుంటే పిలువు, లేదంటే కాళ్ళన్నా లేపు. ఊరికే పండబెట్టి ఏంజేస్తావప్పా?"

అత్తకు మాట ముద్దగా వచ్చేది. కానీ ఒకరోజు నాతో ఈ మాట చక్కగా అనింది: "దాని ప్రార్థన పక్కింటోళ్ళతో మాట్లాడినట్టుండాది. నీది అర్జీ రాసినట్టుండాది."

కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. అప్పుడు ఉండేది. అప్పుడు నేను దానికి వేరే పేర్లు పెట్టుకున్నాను. క్రమం తెలియని మనిషి, మర్యాద తెలియని మనిషి, కొత్తగా వచ్చి పెత్తనం చేసే మనిషి అని.

ఆమెకు నాతో ఒక్క అవసరం ఉండేది. చదువు రాదు. పని లేని మధ్యాహ్నాల్లో వచ్చి గడప దగ్గర కూర్చుని "ఒక మాట సదువక్కా" అనేది. నేను బిగుసుకుని చదివేదాన్ని. ఒకరోజు చదివింది కానుక గురించిన మాట. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చాక, నీ తోటివాడికి నీ మీద విరోధముందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వాడితో సమాధానపడి రమ్మనే మాట.

"ఇంగోసారి సదువు" అనింది. చదివాను.

"మనకు వాళ్ళ మీద ఉంటేనా అక్కా, వాళ్ళకు మన మీద ఉంటేనా?"

"వాళ్ళకు మన మీద ఉంటే. ఎన్నిసార్లు సదవల్ల?"

"తప్పు మనది గాకపోయినా?"

"అదేం రాయలేదు."

"ఊ" అనింది. కాసేపు గడప మీద గోటితో గీస్తూ కూర్చుంది. తర్వాత తలెత్తి నా మొగంలోకి చూసింది. "అక్కా, నీకు నా మీద ఏమన్నా ఉండాదా?"

"నీ మీద నాకేముంటాది? పోయి పని జూసుకో పో" అన్నాను.

ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం ఆడవాళ్ళ వరస లేచినప్పుడు పామిడామె లేవలేదు. చాప మీద అట్లాగే కూర్చుంది. నేను మోకరించి, రొట్టె తీసుకుని, పాత్ర అందుకుని, తిరిగి వస్తూ ఆమెను చూశాను. నా గుండె ఎంత తేలికైందో చెప్పలేను. ఏదో చేసింది, అనుకున్నాను. దొరికింది, అనుకున్నాను.

రెండో బల్లకూ లేవలేదు. ఆడవాళ్ళు నా దగ్గర చేరి, "ఏం జేసినాది అమ్మగారూ?" అని అడిగారు. "నాకేం తెలుసమ్మా? ఏం చేస్తే బల్లకు రాలేరో మీకు తెలీదా" అన్నాను. అంతే. ఇంకొక్క మాట కూడా అనలేదు. అగ్గిపుల్ల గీసినవాళ్ళకు ఇంకేం పని ఉంటుంది? వారం తిరగకముందే మాట ఒక రూపానికొచ్చింది. మొగుడు ఊళ్ళో ఉండడు. పెద్దరైతు ఇంటి తాళం ఈమె చేతిలో ఉంటుంది. చెనిక్కాయలు వొలిచేకేనా పోయేది? చెలమ దగ్గర ఆమె వస్తే మిగతావాళ్ళు కుండలెత్తుకుని లేచిపోయేవారు. రోగుల కోసం ఆమెను పిలవడం మానేశారు. మా ఇంటికి మాత్రం ఆమె రావడం మానలేదు. అదే పొద్దు వాలేవేళ, అదే దువ్వెన.

నాలుగో బల్ల అయినాక అయ్యగారు ఆమెను ఆగమన్నారు. ముగ్గురు పెద్దలు, మా ఆయన, ఆమె. నేను మజ్జిగ చెంబు తీసుకుని పోయి తలుపు దగ్గర ఆగిపోయాను.

"ఏమమ్మా, బల్లకు ఎందుకు రావు?" అన్నారు అయ్యగారు.

"రాకూడదయ్యగారూ, అందుకని."

"ఏం పాపం చేశావు?"

"చేసినవి ఎప్పటికప్పుడు చెప్తానే ఉండా గదా. ఇది నాది గాదు."

"మరి ఎవరిది?"

"అది చెప్తే ఇంగొక పాపమైతాది."

అయ్యగారు చెడ్డమనిషి కాదు. పెద్దలు వదల్లేదు. ఊరంతా ఏమనుకుంటోందో ఒక పెద్దాయన ఆమె మొగం మీదే చెప్పేశాడు. చివరికి అయ్యగారు, వచ్చే బల్ల నాటికి కారణం చెప్పకపోతే సంఘం పుస్తకంలో పేరు కొట్టేయాలన్నారు. పేరు లేకపోతే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. సంఘం వాళ్ళింటి గడప తొక్కదు. చస్తే మా సమాధుల దిబ్బలో చోటుండదు, మోసేవాళ్ళు రారు.

పామిడామె "సరే అయ్యగారూ" అనింది. నేను తలుపులోనే నిలబడి ఉన్నాను. అందరినీ ఒకసారి చూసింది, నన్ను మాత్రం చూడలేదు. చూసి ఉంటే నాకు తెలిసేది కాదు. చూడకపోవడంతో తెలిసిపోయింది. తేలు కుట్టిన దొంగలాగా మజ్జిగ చెంబుతో వెనక్కి వచ్చేశాను.

ఆ పూట మా ఆయన అన్నం ముట్టలేదు. "ఆమె తప్పు చేసే మనిషి గాదే" అన్నాడు. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. నా గురించి ఆయన ఎప్పుడైనా ఎవరితోనైనా ఆ మాట అన్నాడా? ఆ ఒక్క మాట చాలింది, ఇంకో రెండు నెలలు నోరు మూసుకోవడానికి.

బల్లకు ముందటి శనివారం పొద్దున నేనే కుండ తీసుకుని వంకకు పోయాను. అందరూ పోయిన వేళకు ఆమె వస్తుందని తెలుసు. చెలమ పక్కన గొంతుకూర్చుని చిప్పతో నీళ్ళు తోడుతోంది. నన్ను చూసి జరిగింది.

"రా అక్కా. ఊరతాండాది, నిదానంగా."

అడుగున ఒక చిప్పెడు ఊరాలంటే చాలాసేపు కాచుకోవాలి. ఇద్దరం ఆ గుంతలోకి చూస్తూ కూర్చున్నాం.

"నా పేరు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

ఆమె ఊరిన నీళ్ళు తీసి నా కుండలో పోసింది. "నువ్వే సదివితివి గదక్కా. వాళ్ళకు మన మీద ఉంటే అని. నాకు నీ మీద ఏమీ లేదు. నీకు నా మీద ఉండాది. నేనెట్ల వచ్చేది బల్లకు?"

"ఏమీ లేదని చెప్తిని గదా నీకు!"

"నోటితో చెప్తివి. నాకు అక్షరాలు రావు గానీ మొగాలు సదువుతా."

"మరి నా దగ్గరికి రావాలని గదా ఉండేది? సమాధానపడమని గదా?" నా గొంతు పెద్దదైంది.

"దినామూ వస్తాండా గదక్కా" అనింది. "మీ అత్తకు తల దువ్వేకే వస్తాండా అనుకుంటివా?"

మళ్ళీ చిప్ప ముంచింది. "నీకు నా మీద ఏముండాదో నాకు తెలీదు. నీదేమన్నా నాకాడ ఉంటే చెప్పు, ఇచ్చేస్తా."

ఆమె దగ్గర ఉన్నది నాదా? నేను ఏడ్చి ఆమె కాళ్ళ మీద పడ్డానని రాస్తే చదవడానికి బాగుంటుంది. పడలేదు. నాకు కోపం వచ్చింది. నా పాపానికి కూడా ఆమే పస్తుంటోంది. నేనేమో కడుపునిండా తిని మూతి తుడుచుకుని వస్తున్నాను. ఇందులో కూడా నన్ను మించిపోయింది. ఆమె నింపిన కుండ ఎత్తుకుని ఇంటికొచ్చాను.

ఆదివారం ఆడవాళ్ళ వరసలో ఎప్పుడూ నేనే ముందు. అయ్యగారు రొట్టె పట్టుకుని నిలబడ్డారు, పక్కన మా ఆయన పాత్ర పట్టుకుని. లేచాను. రెండడుగులు వేశాను. పామిడామె చాప మీద ఆ గోటితోనే నేల గీస్తోంది. ఈ పూట దాటితే ఆమె పేరు ఉండదు. నేను వెనక్కి తిరిగి పోయి ఆమె ముందు నిలబడ్డాను.

"ఏమమ్మా?" అన్నారు అయ్యగారు.

"సర్వోన్నతుడవును సర్వాధికారివియునైన..." అని నా నోరు దానంతట అదే ఎత్తుకుంది. చాప మీది నుంచి ఊ రాలేదు. ఆగిపోయాను. చివరికి వచ్చిన మాట ఇది:

"ఈ పామిడామె మీద నాకు కడుపుమంట."

"ఊ" అని వినబడింది.

ఆ ఊ పట్టుకుని ముందుకు పోయాను.

"మా ఆయన ఈమెను మెచ్చుకుంటే ఓర్చుకోలేకపోతిని."

"ఊ."

"మా అత్త ఈమె కోసం వాకిలి పక్క చూస్తే నాకు మండేది."

"ఊ."

"ఈమె గురించి ఊరంతా అనుకున్న మాటలకు మొదట అగ్గిపెట్టింది నేనే."

ఈసారి ఊ రాలేదు. ఆ సంగతి ఆమెకు తెలియదు. మొగాలు చదివే మనిషి ఆ ఒక్కటీ చదవలేకపోయింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చింది.

"ఊ... అంతేనా అక్కా?"

"అంతే."

"అయితే పా. అయ్యగారు ఎంతసేపు నిలబడుకోనుంటాడు?"

ఇద్దరం పక్కపక్కన మోకరించాం. పాత్ర అందించేటప్పుడు మా ఆయన నా మొగమే చూస్తూ వంచితే నా చీర మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఆ మరక పోలేదు.

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్ని అయిపోయినట్టే. కాలేదు. గుడి విడిచినాక అందరూ ఎవరి చుట్టూ మూగారనుకున్నారు? ఆమె చుట్టూ. ఒప్పుకున్నది నేను, కన్నీళ్ళు ఆమెకు. ఆ సాయంత్రమే నాకు మళ్ళీ మొదలైంది.

అందుకని మా ఇద్దరికీ ఒక వాడుక పడింది. ప్రతి బల్లకు ముందు నేను ఆమె దగ్గరికి పోయేదాన్ని. "ఇంగా ఉండాదా అక్కా?" అని అడిగేది. "ఉండాది" అనేదాన్ని. "ఈసారి ఏమిటికి?" అనేది. ఏదో ఒకటి చెప్పేదాన్ని. పెద్దరైతు భార్య నీకు చీర పెట్టింది. మా అత్త పోయేముందు నీ చెయ్యి పట్టుకుంది, నాది కాదు. ఈ వయసుకు నీకు ఒక్క వెంట్రుకా నెరవలేదు. అన్నిటికీ ఊకొట్టి, పళ్ళ సందు కనబడేట్టు నవ్వి, "చెప్తివి గదా, ఇంగ పోయి తీసుకో పో" అనేది. ఆయనను గుంతకల్లుకు మార్చినాక కూడా ప్యాసింజరెక్కి గార్లదిన్నెలో దిగి, నడిచిపోయి చెప్పి వచ్చేదాన్ని. పోయిన బల్లకు మోకాళ్ళ నొప్పులని పోలేదు. మళ్ళీ పోవచ్చులే అనుకున్నాను.

వచ్చే ఆదివారం ఇక్కడి గుడిలో బల్ల ఉంది. సంతలో ఆ అలసందకాయల మనిషి చెప్పిన మాట నా కడుపులో అట్లాగే ఉంది. పెద్దరైతు ఇంటోళ్ళు నడిచినారట. చచ్చిన మనిషి మీద కూడా నాకు కడుపుమంటే. ఇది ఎవరికి చెప్పాలి? ఆయనకు చెబితే "ఇంకానా?" అంటాడు. ఇక్కడి అయ్యగారికి చెబితే వాక్యం చెబుతాడు.

అందుకే ఇదంతా రాశాను. రాయడం అయినాక తలుపు దగ్గరికి వేసి గట్టిగా చదివాను. పెద్ద మాటలు కనబడిన చోటల్లా కొట్టేశాను. ఒక్కో మాటకూ ఒక ఊ పట్టేంతసేపు ఆగి, మళ్ళీ చదివాను. అగ్గిపెట్టిన మాట దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాను.